విండోస్ 7 తీసేయాలంటే ఫార్మాట్ కొడితే సరిపోదు

మీ సమస్య నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. గుంటూరు అరండల్‌పేటలో మీది డీటీపీ షాపు. పాత డెస్క్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్, అందులో మొదటి నుంచీ విండోస్ 7. ఆ తర్వాత మీ బావమరిది 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చి, హార్డ్ డిస్క్‌ని కదపకుండా, ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10 వేసిచ్చారు. ఇప్పుడు ఆన్ చేసిన ప్రతిసారీ ఏ విండోస్ కావాలని అడుగుతోంది. విండోస్ 7 వాడటం మానేశారు కాబట్టి "ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొట్టేస్తే పోదా?" అని అడుగుతున్నారు. మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లోంచి ఉబుంటు (విండోస్ లాంటిదే, ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) తీసేసే సంగతి కూడా అడిగారు, అది వేరే వ్యవహారం, ఆఖర్న చెప్తాను.

ఫార్మాట్ కొడితే విండోస్ 7 ఫైల్స్ పోతాయి. మెనూ మాత్రం అలాగే ఉంటుంది. మెనూ కూడా పోవాలని ఆ పక్కనే బూట్ ఫైల్స్ (ఆన్ చేయగానే విండోస్‌ని లేపే ఫైల్స్) ఉన్న 100 ఎంబీ పార్టిషన్‌ని, అంటే డిస్క్‌లో ఆ చిన్న ముక్కని, ఏదో టూల్‌తో బలవంతంగా తీసేశారనుకోండి, మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి నల్ల స్క్రీన్ మీద బూట్ డివైస్ లేదన్న మెసేజ్ కనిపిస్తుంది. విండోస్ 10 ఎస్‌ఎస్‌డీలో భద్రంగానే ఉంటుంది, కానీ లేవదు. రెండు విండోస్‌లున్న సిస్టమ్‌లతో విజయవాడ గవర్నర్‌పేటలో మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలా చేసుకుని వచ్చినవాళ్లే.

ఎందుకిలా అవుతుందంటే, విండోస్ 10 వేసేటప్పుడు సెటప్ ప్రోగ్రామ్ ముందు చుట్టూ చూస్తుంది. హార్డ్ డిస్క్‌లో అప్పటికే పనిచేస్తున్న బూట్ పార్టిషన్ ఉంటే, కొత్తది ఎందుకని తన బూట్ ఫైల్స్‌ని కూడా అందులోనే పెట్టేస్తుంది. అంటే కొత్త ఇల్లు కట్టుకుని సామాను మార్చేశారు గానీ కరెంటు మీటరు ఇంకా పాత ఇంటి గోడకే ఉందన్నమాట. పాత ఇల్లు పడగొడితే కొత్త ఇంట్లో దీపం ఆరిపోతుంది. పడగొట్టకపోయినా, ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న ఆ హార్డ్ డిస్క్ ఏదో ఒకరోజు తనంతట తాను పోతే ఎస్‌ఎస్‌డీలోని విండోస్ కూడా దాంతోపాటే ఆగిపోతుంది. అందుకే నేను విండోస్ 7 తీసేయడం గురించి తర్వాతే ఆలోచిస్తాను. ముందు చేయాల్సింది ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా బూట్ అయ్యేలా చూడటం.

మీ సిస్టమ్‌లో పరిస్థితి ఇదేనా కాదా అన్నది రెండు నిమిషాల్లో తేలుతుంది. విండోస్ 10లో ఉండి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వరసలు కనిపిస్తాయి. ఏది ఏదో సైజు చూసి గుర్తుపట్టాలి. 500 జీబీ డిస్క్ అక్కడ 465 జీబీగా, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ 223 జీబీగా కనిపిస్తుంది, కంగారు పడకండి. కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది. ఇప్పుడు ప్రతి పార్టిషన్ కింద బ్రాకెట్లలో ఏం రాసుందో చదవండి. 'సిస్టమ్' అన్న మాట ఎక్కడుందో బూట్ ఫైల్స్ అక్కడున్నట్టు. మీ సీ డ్రైవ్ కింద 'బూట్' అని ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. మైక్రోసాఫ్ట్ వాడుకలో ఈ రెండు మాటలూ తారుమారు, 'బూట్' అంటే విండోస్ ఉన్న చోటు, 'సిస్టమ్' అంటే బూట్ ఫైల్స్ ఉన్న చోటు. 'సిస్టమ్' అన్నది 465 జీబీ వరసలో 100 ఎంబీ పార్టిషన్ కింద కనిపిస్తే నేను చెప్పిన కేసే మీది. విండోస్ 7 వేసేముందే డిస్క్‌ని ముక్కలు చేసి ఉంటే ఆ 100 ఎంబీ ముక్క ఉండకపోవచ్చు, అప్పుడు 'సిస్టమ్' అన్నది విండోస్ 7 డ్రైవ్ కిందే కనిపిస్తుంది. 'సిస్టమ్' అని ఉన్న పార్టిషన్ మీద ఫార్మాట్, డిలీట్ రెండూ బూడిద రంగులో ఉండి పనిచేయవు. విండోస్ మిమ్మల్ని కాపాడటానికే ఆ ఆప్షన్లు మూసింది. యూట్యూబ్ చూసి, డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో ఓవర్‌రైడ్ కొట్టి దాన్ని దాటకండి.

డిస్క్‌పార్ట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అందులో క్లీన్ అనే కమాండ్ ఉంది. అది ఒక పార్టిషన్‌ని కాదు, ఎంచుకున్న డిస్క్ మొత్తాన్ని ఖాళీ చేస్తుంది, పైగా నిజంగా చేయమంటారా అని అడగదు. మీ కస్టమర్ల ఫైల్స్ ఉన్న డ్రైవ్ కూడా అదే హార్డ్ డిస్క్ మీద ఉంది. మీ పనికి ఆ కమాండ్‌తో అవసరమే లేదు.

ఇక దేన్నైనా ముట్టుకునే ముందు విండోస్ 7లోకి ఒకసారి వెళ్లాలి. వెళ్లేటప్పుడు నెట్ కేబుల్ పీకేయండి. 2020 జనవరి 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గర ఆగింది. అందులోంచి తెచ్చుకోవాల్సినవి అందరూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనుకుంటారు. డీటీపీ షాపుకి అసలైన ఆస్తి అది కాదు, ఫాంట్లు. మీ పాత శుభలేఖలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవే అయి ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. విండోస్ 7లో ఉండగానే ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి మీరు వాడేవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎవరో సీడీలో ఇచ్చిన పాత బార్డర్లు, వినాయకుడి బొమ్మలు, కల్యాణం క్లిప్‌ఆర్ట్‌లు సీ డ్రైవ్‌లో ఏ మూలనైనా ఉన్నాయేమో వెతకండి. మళ్లీ దొరకనివి అవే.

కాపీ అయిపోగానే సరి అనుకోకండి. విండోస్ 10లోకి వచ్చి ఒక పాత పీఎండీ ఫైల్, అంతకంటే పాతది ఒక పీ65 ఫైల్ తెరిచి, ప్రింట్ ఇచ్చి, కాగితం చేతిలోకి వచ్చాక చూడండి. పాత లేజర్ ప్రింటరో స్కానరో విండోస్ 7 డ్రైవర్‌తోనే నడుస్తోందేమో ఇక్కడే తెలుస్తుంది. మీ విండోస్ 7 గనక 32 బిట్‌దైతే, అందులో నడిచే మరీ పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లు 64 బిట్ విండోస్ 10లో అసలు తెరుచుకోవు. అలాంటిది ఒక్కటైనా మీకు రోజూ కావాల్సి ఉంటే విండోస్ 7ని ఉంచేయండి. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బిల్లులకి ట్యాలీ వాడుతుంటే ఇంకో పని. ఈఆర్‌పీ 9 అయితే డేటా మామూలుగా సీ డ్రైవ్‌లోనే ట్యాలీ ఫోల్డర్ లోపల డేటా అన్న ఫోల్డర్‌లో ఉంటుంది, దాని బ్యాకప్ తీసుకోండి. లైసెన్స్ విండోస్ 7 మీద యాక్టివేట్ అయి ఉంటే అక్కడే సరెండర్ చేసి (అంటే ఆ సిస్టమ్ నుంచి లైసెన్స్‌ని వదిలించి) తర్వాత ఇటు యాక్టివేట్ చేసుకోండి. ఫార్మాట్ అయ్యాక సరెండర్ చేయడానికి ఏమీ మిగలదు, సపోర్ట్‌వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. సరెండర్‌కి నెట్ కావాలి, ఆ కాసేపు మాత్రం కేబుల్ పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని. ముందు ఎంఎస్‌ఇన్ఫో32 అని రన్‌లో కొట్టి, బయోస్ మోడ్ (కంప్యూటర్ ఏ పద్ధతిలో లేస్తుందో చెప్పేది) ఎదురుగా ఏముందో చూడండి. మీ కాలపు డెస్క్‌టాప్‌లో 'లెగసీ' అనే ఉంటుంది. యూఈఎఫ్‌ఐ అని, అంటే కొత్త పద్ధతి, ఉంటే ఈ కింద చెప్పింది మీకు వర్తించదు, అక్కడే ఆగండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎస్‌ఎస్‌డీ వరసలోని సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్' నొక్కండి. ఒక హెచ్చరిక వస్తుంది, 'యెస్' నొక్కండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. కమాండ్‌ని ఫోన్‌లో చెప్పినట్టు చెప్తాను, ఇంగ్లీషులో అలాగే టైప్ చేయండి: బీసీడీబూట్ అని కలిపి ఒకే మాట, ఒక ఖాళీ, సీ, కోలన్, బ్యాక్‌స్లాష్, విండోస్, ఒక ఖాళీ, మామూలు స్లాష్, ఎస్, ఒక ఖాళీ, సీ, కోలన్, ఒక ఖాళీ, స్లాష్, ఎఫ్, ఒక ఖాళీ, బయోస్. ఎంటర్ కొట్టగానే బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్ అని ఒక లైను వస్తుంది. ఇంత టెన్షన్ పెట్టిన పని క్షణాల్లో అయిపోతుంది.

ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఇప్పటిదాకా హార్డ్ డిస్క్ మీద మీరు ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎస్‌ఎస్‌డీ లేవకపోతే పాత దారిలోనే మళ్లీ లోపలికి రావచ్చు. అందుకే ఎవరైనా ముందు పాతది డిలీట్ చేద్దాం, తర్వాత బూట్ రిపేర్ చేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఇక పరీక్ష. స్టార్ట్ మెనూలో షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కండి. మామూలుగా ఆపితే విండోస్ 10 పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం నిద్రలో ఉంటుంది. ప్లగ్ పీకి, సీపీయూ డబ్బా పక్క రేకు విప్పి, హార్డ్ డిస్క్‌కి వెళ్లే సన్నటి సాటా కేబుల్ ఒక్కటి లాగేయండి. ఎస్‌ఎస్‌డీకి వెళ్లేదాన్ని ముట్టుకోవద్దు. రేకు విప్పారు కాబట్టి ఫ్యాన్ మీద పేరుకున్న దుమ్ము కూడా బ్రష్‌తో దులపండి, రోహిణి కార్తెలో మన ఊళ్లలో సిస్టమ్‌లు ఆగిపోవడానికి సగం కారణం అదే. ఆన్ చేయండి. ఏ మెనూ అడక్కుండా సూటిగా విండోస్ 10 వచ్చిందంటే పని గెలిచినట్టే. మెనూ ఎందుకు పోయిందంటే, ఎస్‌ఎస్‌డీలో ఇప్పుడు రాసిన కొత్త బూట్ రికార్డుకి విండోస్ 7 అనేది ఒకటుందని తెలియదు.

రాకుండా కర్సర్ ఒక్కటే మిణుకుమిణుకుమంటూ ఉంటే భయపడొద్దు. విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి, రిపేర్ యువర్ కంప్యూటర్, ట్రబుల్‌షూట్, కమాండ్ ప్రాంప్ట్ దాకా వెళ్లి, బూట్‌రెక్ అని కొట్టి ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి ఫిక్స్‌ఎంబీఆర్ అని కలిపి కొట్టండి. ఇది చేసేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ ఊడే ఉండాలి, లేకపోతే ఆ కమాండ్ ఏ డిస్క్ మీద పనిచేసిందో మీకు తెలియదు.

ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా లేచాక ఆపేసి కేబుల్ మళ్లీ పెట్టండి. ఆన్ చేస్తూనే డిలీట్ కీ గానీ ఎఫ్2 కీ గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఎస్‌ఎస్‌డీని మొదటి స్థానంలో పెట్టండి. పాత బోర్డుల్లో బూట్ ఆర్డర్‌లో హార్డ్ డిస్క్ అని ఒక్కటే కనిపించి, వాటిలో ఏది ముందన్నది హార్డ్ డ్రైవ్ ప్రయారిటీ లాంటి పేరుతో వేరే మెనూలో ఉంటుంది. మార్చింది సేవ్ కాలేదని చాలామంది తల పట్టుకునేది అక్కడే.

ఇక్కడితో కొన్నాళ్లు ఆగండి. విండోస్ 7 డ్రైవ్‌ని అలాగే ఉంచి, ఒక సీజన్ పని దాని ముఖం చూడకుండా నడుస్తుందేమో చూడండి. మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీద ఉండగా ఇలాంటివి పెట్టుకోకండి. ఆషాఢంలో శుభలేఖల ఆర్డర్లు ఎలాగూ ఉండవు, అప్పుడు ఫార్మాట్ చేయండి.

ఆ రోజు వచ్చాక చేసేది చిన్న పనే. విండోస్ 7లో సీ డ్రైవ్ అనిపించుకున్నది విండోస్ 10లో డీ గానో ఎఫ్ గానో కనిపిస్తుంది, అక్షరాన్ని నమ్మకండి. తెరిచి, లోపల విండోస్, యూజర్స్ ఫోల్డర్లు, మీ పాత డెస్క్‌టాప్ ఫైల్స్ కనిపిస్తే అదే. రైట్ క్లిక్, ఫార్మాట్, క్విక్ ఫార్మాట్. విండోస్ ఫోల్డర్‌ని విడిగా డిలీట్ చేద్దామని కూర్చోకండి, పర్మిషన్ లేదంటూ ఒక్కో ఫైల్ దగ్గరా ఆగుతుంది. ఆ 100 ఎంబీ పార్టిషన్‌ని మాత్రం నేనైతే ఉంచేస్తాను. ఆ చోటుతో మీరు కట్టబోయే మేడలేమీ లేవు, పైగా ఎప్పుడైనా ఎస్‌ఎస్‌డీ బూట్ రికార్డు చెడితే హార్డ్ డిస్క్ ద్వారా విండోస్ 10లోకి రావడానికి అదొక దారి.

ఖాళీ అయిన చోటు సీ డ్రైవ్‌కి కలుస్తుందా అని అడుగుతారేమో. కలవదు, అవి రెండు వేరువేరు డిస్కులు. పక్కనున్న డేటా డ్రైవ్‌కి కూడా విండోస్ సొంత టూల్‌తో కలవదు, ఎందుకంటే ఒక పార్టిషన్‌కి కుడివైపున్న ఖాళీ మాత్రమే అది కలుపుకోగలదు, మీ ఖాళీ ఎడమవైపు ఉంటుంది. విడి డ్రైవ్‌గా వాడుకోండి. అయితే ముందు క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత టూల్‌తో ఆ హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో కాషన్ అని చూపిస్తే అందులో కస్టమర్ ఫైల్స్ పెట్టడం ఇక ఆపేసి, డేటా మొత్తం వేరే డిస్క్‌లోకి మార్చండి.

కొన్నాళ్లకి ఒకరోజు ఉన్నట్టుండి ఆ పాత మెనూ మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. రాత్రి కరెంటు పోయి వచ్చిన మర్నాడు ఇది ఎక్కువ. విండోస్ 7 తిరిగి రాలేదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయి, బయోస్ సెట్టింగులు మొదటికొచ్చి, హార్డ్ డిస్క్ మళ్లీ ముందుకొచ్చింది, అంతే. తేదీ కూడా ఎప్పటిదో పాతది చూపిస్తుంది, దాంతో వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పంటూ తెరుచుకోవు. మెనూలో విండోస్ 10 ఎంచుకుని ఆ పూట గడిపేయండి. ఆ బ్యాటరీ గడియారాల షాపుల్లో దొరుకుతుంది. మార్చి, బూట్ ఆర్డర్ మళ్లీ సెట్ చేయండి.

ఇంత చేశాక విండోస్ 10 కూడా పాతదేగా అనొచ్చు. నిజమే, దానికీ 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు అయిపోయాయి. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, విండోస్ 7 కాలపు డెస్క్‌టాప్‌లో అవి ఉండవు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవాళ్లున్నారు గానీ షాపు నడిచే సిస్టమ్ మీద నేను అది చేయను.

ఇక మీ అబ్బాయి ల్యాప్‌టాప్. కొత్తది కాబట్టి అందులో యూఈఎఫ్‌ఐ ఉంటుంది, పని తేలిక. మొదట డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాయించండి. బూట్ సెట్టింగులు మార్చాక అది అడిగే అవకాశం ఉంది, అప్పుడు వెతుక్కోవడం కష్టం. ప్రాజెక్ట్ ఫైల్స్‌ని ఉబుంటులోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోమనండి, ఆ పార్టిషన్‌ని విండోస్ చదవలేదు. తర్వాత బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని ఉబుంటు కంటే ముందు పెట్టి, ఉబుంటు మెనూ రాకుండా విండోస్ సూటిగా వస్తోందని చూశాకే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ అక్షరం లేకుండా కనిపించే ఉబుంటు పార్టిషన్లు డిలీట్ చేయాలి. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్, రికవరీ అని రాసున్నవి కూడా అక్షరం లేకుండానే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఈ వరస తప్పి ముందే డిలీట్ చేసినవాళ్లకే గ్రబ్ (ఉబుంటు బూట్ మెనూని నడిపే ప్రోగ్రామ్) ప్రాంప్ట్ ఎదురవుతుంది. అది వచ్చినా బయోస్‌లోకి వెళ్లి విండోస్ బూట్ మేనేజర్‌ని ముందుకు తెస్తే సరిపోతుంది, టెక్నీషియన్‌కి డబ్బులు ఇవ్వక్కర్లేదు. బూట్ లిస్టులో ఉబుంటు అన్న పేరు మిగిలిపోతే మిగలనివ్వండి, దానివల్ల నష్టం లేదు.

విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తోందని అన్నారు కదా, అదీ ఉబుంటు వల్లే. అది మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటు తీసేశాక టైమ్ సెట్టింగ్స్‌లో ఒకసారి 'సింక్ నౌ' నొక్కమనండి.